ట్రౌట్ చేపలు ఏ కాలంలో ఎక్కడుంటాయి, ఎందుకు కదులుతాయి: వాగును ఏడాది పొడవునా కొలిచే పద్ధతి

"వేసవి మొదట్లో ఈ మడుగు నిండా చేపలే, రెండు నెలల తర్వాత చూస్తే ఒక్కటీ లేదు, చచ్చిపోయాయా?" ట్రౌట్ ఉన్న వాగుల గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. చాలాసార్లు అవి చావవు, చోటు మారతాయి. కానీ ఒక్కోసారి నిజంగానే చస్తాయి. ఏది జరిగిందో చెప్పాలంటే చేపల్ని చూస్తే చాలదు, నీళ్లను కొలవాలి.

ఒక మాట ముందే చెప్తాను, కింద రాసిందంతా దాని మీదే నడుస్తుంది. వాగులో ఎన్ని ట్రౌట్ బతుకుతాయన్నది ఆ వాగు మంచి రోజుల్లో ఎలా ఉందన్న దాన్ని బట్టి ఉండదు. ఏడాదిలో అన్నిటికన్నా ఇరుకైన కాలం ఏదో, ఆ కాలంలో వాటికి తప్పించుకునే చోటు ఉందో లేదో, ఆ చోటికి దారి తెరిచి ఉందో లేదో, దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి మనం వెతకాల్సింది ఆ ఇరుకును.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

మీ వాగులో ఉన్నది ఏ జాతి? బ్రౌన్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ శరదృతువులో గుడ్లు పెడతాయి. రెయిన్‌బో ట్రౌట్ మామూలుగా వసంతంలో పెడుతుంది. ఈ ఒక్క తేడాతో లెక్కంతా మారిపోతుంది. ఎందుకంటే చలికాలంలో వచ్చే వరదకు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు కొట్టుకుపోవచ్చు, అదే వరదకు రెయిన్‌బో గుడ్లకు ఏమీ కాదు, అవి ఇంకా పెట్టలేదు కదా.

నెలల పేర్లతో రాసుకోకండి. ఉత్తరార్ధగోళంలో శరదృతువైతే దక్షిణార్ధగోళంలో వసంతం, పైగా ఎత్తు మారితే ఒకే కొండ మీద కూడా కాలం వారాల తేడాతో వస్తుంది. నీటి ఉష్ణోగ్రతను బట్టి, పగటి పొడవును బట్టి రాసుకోండి.

ఎంత దూరం చూడాలి? కనీసం ఒక పిల్లవాగు వచ్చి కలిసే చోటు, రెండు మూడు లోతైన మడుగులు, ఒక గులకరాళ్ల పరుపు వచ్చేంత పొడవు తీసుకోండి. ఒక్క మడుగును ఏడాదంతా చూసినా చేప ఎక్కడికి వెళ్లిందో తెలీదు.

## 2. సామాను

ఖరీదైనవేం అక్కర్లేదు.

- తాడు కట్టిన మంచి థర్మామీటర్
- గంటకోసారి ఉష్ణోగ్రతను తనంతట తనే రాసుకునే లాగర్లు, కనీసం రెండు
- నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే మీటరు లేదా కిట్
- కొలటేపు, గుర్తులు గీసిన కర్ర, స్టాప్‌వాచ్
- నీళ్లలో తేలేది ఏదైనా, నారింజ పండులాంటిది
- పోలరైజ్డ్ కళ్లద్దాలు (నీటి మెరుపును కోసేసి అడుగు చూపిస్తాయి, ఇవి లేకుండా మడుగులో చేపల్ని లెక్కపెట్టాలనుకోవడం వృథా)
- తడిసినా చెరగని నోట్‌బుక్

లాగర్లను వాగులో వేసే ముందు, కరుగుతున్న ఐసు ముక్కలు నిండిన నీళ్లలో కాసేపు ఉంచి చూడండి. సున్నా చూపించాలి. అర డిగ్రీ ఎక్కువో తక్కువో చూపిస్తే ఆ తేడా రాసిపెట్టుకుని తర్వాత సరిచేసుకోవచ్చు. ఈ పని ఇప్పుడు చేయకపోతే ఏడాది లెక్కల మీద నమ్మకం ఉండదు.

ఇక నీళ్లలో దిగడం గురించి. లోతును మీటర్లలో, వడిని సెకనుకు మీటర్లలో తీసుకుని రెండూ గుణించండి. 0.9 దాటితే అలవాటున్న వాళ్లు కూడా దిగకూడదు. అలవాటు లేకపోతే అందులో సగానికే ఆగిపోండి. ఒంటరిగా దిగొద్దు.

## 3. వాగును ముక్కలుగా విడగొట్టి పటం గీయండి

దిగువ నుంచి ఎగువకు నడుస్తూ గీయండి. చేపలు ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఉంటాయి కాబట్టి వెనక నుంచి వచ్చే మనిషిని ఆలస్యంగా గమనిస్తాయి, మీ కాళ్ల కింద లేచిన బురద కూడా మీరు చూడబోయే చోటికి పోదు.

మూడు రకాలుగా గుర్తుపెడితే చాలు: మడుగు, రాళ్ల పరుగు (తక్కువ లోతులో నీళ్లు రాళ్ల మీద విరిగి తెల్లగా పారే చోటు), ఈ రెంటికీ మధ్య ఒకే తీరున సాగే పారుదల. రాళ్ల పరుగులో పురుగులు పుడతాయి, నీళ్లకు గాలి అందుతుంది. మడుగు దాక్కోవడానికి. ట్రౌట్‌కు రెండూ పక్కపక్కనే కావాలి.

పటంలో ఇవి తప్పకుండా ఉండాలి:

- ప్రతి మడుగు అత్యధిక లోతు
- ఒడ్డు కింద నీళ్లు కోసేసిన బోలు చోట్లు, పడిపోయిన చెట్లు, పెద్ద బండలు
- నీడ ఉన్న భాగం, ఎండ పడే భాగం
- పిల్లవాగులు, ఊటలు, పక్క నుంచి వచ్చే కాలువలు
- పశువులు దిగి ఒడ్డు విరిగిన చోట్లు
- మెట్టు, ఆనకట్ట, రోడ్డు కింద పైపు, ఏదైనా సరే చేప ఆగిపోయే చోటు

పడిపోయిన చెట్టును చెత్త అనుకుని లాగేసే వాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. ఆ చెట్టు వల్లే నీళ్లు కిందికి తవ్వి మడుగు ఏర్పడుతుంది, దాని కిందే పెద్ద చేప ఉంటుంది, వరదలో పిల్ల చేపకు అదే ఆసరా.

## 4. ఉష్ణోగ్రత: ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

బ్రౌన్, రెయిన్‌బో ట్రౌట్‌లు సుమారు 12 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా తిని బాగా ఎదుగుతాయి. బ్రూక్ ట్రౌట్‌కు ఇంకో రెండు డిగ్రీలు చల్లగా ఉండాలి. 20 దాటితే ఒత్తిడి మొదలవుతుంది. 25 దగ్గర రోజుల తరబడి ఉంటే చనిపోతాయి. 4 డిగ్రీల కిందికి పోతే తిండి దాదాపు మానేసి, కదలకుండా పడి ఉంటాయి.

అయితే సగటు చూసి సంతోషపడకండి. మధ్యాహ్నం 24 తాకి రాత్రికి 14కు దిగే వాగు, రాత్రీ పగలూ 19 దగ్గరే ఉండే వాగు, రెండింటి సగటూ 19 డిగ్రీలే రావచ్చు. మొదటి దాంట్లో చేపకు రాత్రి తేరుకునే వ్యవధి దొరుకుతుంది కానీ మధ్యాహ్నం ప్రమాదం అంచున ఉంటుంది. అందుకే రోజులో అత్యధికం, అత్యల్పం, 20 దాటిన గంటలు, ఈ మూడూ విడివిడిగా రాసుకోవాలి.

లాగర్ పెట్టే వరుస:

1. నీళ్లు బాగా కలిసి పారే చోటు ఎంచుకోండి. ఊట పక్కన గానీ, నిలవ నీటిలో గానీ వద్దు.
2. ఎండ నేరుగా తగలకుండా, చిల్లులు పెట్టిన తెల్ల ప్లాస్టిక్ పైపులో ఉంచండి.
3. కరువులో కూడా నీళ్లుండే లోతున, వరదకు కొట్టుకుపోకుండా బండకో వేరుకో కట్టండి.
4. ఒకటి ఎగువన, ఒకటి దిగువన. రెంటి మధ్య తేడాయే ఆ వాగు ఎంత దూరంలో ఎంత వేడెక్కుతోందో చెబుతుంది.

ఇప్పుడు అసలైన పని, చల్లటి చోట్లు వెతకడం. ఏడాదిలో బాగా ఎండ కాసే మధ్యాహ్నం, థర్మామీటర్‌ను కర్ర చివర కట్టుకుని, రెండు ఒడ్ల వెంటా, పది అడుగులకోసారి, వాగు అడుగుకు తాకించి చూస్తూ నడవండి. చుట్టూ ఉన్న నీటికంటే 2 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో చల్లగా ఉన్న ప్రతి చోటూ పటంలో గుర్తుపెట్టండి. పిల్లవాగు వచ్చి కలిసే మూల, మడుగు అడుగున ఊట, గులకరాళ్ల మేట చివర నుంచి ఊరే నీళ్లు, ఇలాంటివే ఎక్కువగా దొరుకుతాయి.

తర్వాత గడ్డకట్టే చలిలో ఒక ఉదయం మళ్లీ అక్కడికే వెళ్లండి. భూగర్భజలం ఉష్ణోగ్రత ఏడాదంతా పెద్దగా మారదు, ఆ ప్రాంతపు వార్షిక సగటు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి వేసవిలో చల్లగా ఉన్న చోటే చలికాలంలో వెచ్చగా, ఐసు కట్టకుండా, ఒక్కోసారి ఆవిరి లేస్తూ కనిపిస్తుంది. రెండు కాలాల్లోనూ తేడా చూపించిన చోటు నికరమైన ఊట. ఆ వాగులోని ట్రౌట్‌కు అన్నిటికన్నా విలువైన చోటు అదే అని నా అభిప్రాయం, ఎందుకంటే రెండు ఇరుకు కాలాల్లోనూ అది పనికొస్తుంది.

## 5. ఆక్సిజన్: తెల్లవారకముందే కొలవండి

సముద్రమట్టం ఎత్తులో 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర 9.1 మాత్రమే. పైకి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. వేసవి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుందన్నమాట.

7 పైన ఉంటే ట్రౌట్‌కు ఇబ్బంది లేదు. 5 కిందికి దిగితే ప్రమాదం.

మధ్యాహ్నం కొలిచి "బ్రహ్మాండంగా ఉంది" అనుకోవడం చాలా మామూలు పొరపాటు. పగలు నాచు, నీటి మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా అవే తీసుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు అత్యల్పానికి చేరుతుంది. నాచు పట్టిన వాగు అయితే పగటి కొలతకు విలువే లేదు.

## 6. ప్రవాహం: ఎంత నీళ్లు, ఎప్పుడు

తేలే వస్తువుతో కొలిచే పద్ధతి సరిపోతుంది. తిన్నగా ఉన్న 10 మీటర్ల భాగం ఎంచుకోండి. వెడల్పు కొలవండి, అడ్డంగా ఐదారు చోట్ల లోతు తీసి సగటు కట్టండి. నారింజ పండు 10 మీటర్లు పోవడానికి పట్టే సమయాన్ని నాలుగైదుసార్లు చూసి సగటు తీయండి.

ఉదాహరణకు వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 0.3 మీటర్లు, పట్టిన సమయం 20 సెకన్లు. వడి సెకనుకు 0.5 మీటర్లు. 4 × 0.3 × 0.5 = 0.6. పైన నీళ్లు అడుగు కంటే వేగంగా పోతాయి కాబట్టి 0.85తో గుణించాలి. సెకనుకు 0.51 ఘనపు మీటర్లు.

కొలతలు ఎప్పుడు తీయాలన్నది ముఖ్యం. వేసవి చివర, వాన పడక నీళ్లు అట్టడుగుకు దిగినప్పుడు తప్పకుండా ఒకటి. ఆ రోజు మీ పటం పట్టుకుని నడిస్తే, మడుగుకీ మడుగుకీ మధ్య నీళ్లు తెగిపోయాయా, చేప వీపు మునిగేంత లోతైనా ఉందా అన్నది కళ్లారా తెలుస్తుంది. తెగిపోతే చల్లటి ఊట వంద గజాల దూరంలో ఉన్నా లేనట్టే.

వరద విషయంలో పెద్ద చేపల గురించి కంగారు వద్దు. అవి బండల వెనక, ఒడ్డు వారన, చెట్ల వేళ్లలో నిలదొక్కుకుంటాయి. దెబ్బ తినేవి గుడ్లు, గులకరాళ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు. ఆ పిల్లలు పైకొచ్చిన మొదటి కొన్ని వారాల్లో పెద్ద వరద వస్తే ఆ ఏడాది సంతతి దాదాపుగా పోవచ్చు.

## 7. అడుగు: గులకరాళ్లు, ఒండ్రు, గుడ్ల గుంటలు

ఆడ ట్రౌట్ తోకతో గులకరాళ్లను తవ్వి గుంట చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. ఆ గుడ్లకు రాళ్ల సందుల్లోంచి పారే నీళ్లే ఊపిరి. సందుల్లో సన్నటి ఒండ్రు నిండితే ఊపిరి ఆగిపోతుంది, పొదిగినా పిల్ల పైకి రాలేదు.

పరీక్ష చాలా తేలిక. గుడ్లు లేని కాలంలో గులకరాళ్ల పరుపును బూటుతో ఒకసారి కదపండి. కాస్త మసక లేచి వెంటనే తేరుకుంటే మంచిది. బురద మేఘం లేచి చాలా దూరం సాగితే సమస్య ఉంది, అది ఎక్కడి నుంచి వస్తోందో (విరిగిన ఒడ్డు, మట్టి రోడ్డు, దున్నిన చేను) ఎగువకు నడిచి కనుక్కోండి.

రాళ్లు తిప్పి పురుగులు కూడా చూడండి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై లార్వాలు మూడూ కనిపిస్తే నీళ్లు, అడుగు బాగున్నట్టే. ఎర్ర పురుగులు, జలగలు మాత్రమే ఉంటే మీటరు చూడకముందే అనుమానించొచ్చు.

గుడ్ల గుంటను గుర్తుపట్టడం ఇలా:

- చుట్టూ ఉన్న రాళ్ల మీద నాచు ఉంటే, ఇక్కడ మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంది
- ఎగువ వైపు గుంట, దిగువ వైపు గులకరాళ్ల గుట్ట
- ఎక్కువగా మడుగు ముగిసి రాళ్ల పరుగు మొదలయ్యే చోట

గుట్ట కిందే గుడ్లుంటాయి. దాని మీద ఒక్క అడుగు పడినా చాలా గుడ్లు నలిగిపోవచ్చు. 10 డిగ్రీల దగ్గర రెయిన్‌బో గుడ్లు సుమారు 31 రోజులకు, బ్రౌన్ గుడ్లు సుమారు 41 రోజులకు పొదుగుతాయి. చలికాలపు చల్లటి నీళ్లలో అది నెలల తరబడి సాగుతుంది, పొదిగాక కూడా పిల్లలు కొన్ని వారాలు రాళ్ల లోపలే ఉంటాయి. అంటే బ్రౌన్ ట్రౌట్ వాగులో శరదృతువు నుంచి వసంతం దాకా గులకరాళ్ల మీద నడవకూడదు. ఒడ్డు మీద నుంచే చూడండి.

## 8. దారి తెరిచి ఉందా?

పటంలో గుర్తుపెట్టిన ప్రతి అడ్డం దగ్గరా మూడు కొలతలు తీయండి: మెట్టు ఎత్తు, దాని కింద మడుగు లోతు, పైపు అయితే లోపల నీళ్ల లోతు. దూకడానికి పరుగందుకోవాలి కాబట్టి కింది మడుగు లోతు మెట్టు ఎత్తుకు కనీసం ఒకటింబావు రెట్లు ఉండాలని లెక్క. పైపులో నీళ్లు పలుచగా పరుచుకుని పారుతుంటే పెద్ద చేప ఈదలేదు.

ఒకసారి తక్కువ నీళ్లలో, ఒకసారి ఎక్కువ నీళ్లలో చూడండి. వేసవిలో మూసుకుపోయిన దారి శరదృతువు వానలకు తెరుచుకోవచ్చు. పెద్ద చేపకు గుడ్లు పెట్టడానికి ఆ మాత్రం చాలు, కానీ వేసవి వేడి నుంచి పారిపోవాలనుకున్న చేపకు అది పనికిరాదు.

## 9. కాలాల వారీగా ఎక్కడ వెతకాలి

వసంతం. మంచు కరిగిన నీళ్లతో వాగు పొంగుతున్నప్పుడు చేపలు పక్క పాయల్లో, ఒడ్డు వార ఉంటాయి. నీళ్లు 8, 10 డిగ్రీలకు వచ్చేకొద్దీ పురుగులు కదులుతాయి, చేపలు మడుగుల్లోంచి రాళ్ల పరుగుల్లోకి విస్తరిస్తాయి. రెయిన్‌బో గుడ్లు పెట్టడానికి ఎగువకు, పిల్లవాగుల్లోకి పోతుంది. శరదృతువు గుడ్ల పిల్లలు పైకొచ్చి, చీలమండ లోతు నీళ్లలో, వడి లేని అంచుల్లో ఉంటాయి. వాటిని చూడాలంటే అంచు వెంటే చూడాలి, నడిమిలో దొరకవు.

వేసవి. మొదట్లో మడుగు తలభాగం, రాళ్ల పరుగు. ముదిరేకొద్దీ మీరు గుర్తుపెట్టిన చల్లటి చోట్ల దగ్గర గుంపు కడతాయి. ఒకే మూలలో డజన్ల కొద్దీ చేపలు కనిపిస్తే "ఈ వాగులో చేపలకు కొదవలేదు" అనుకోకండి. కిలోమీటరు పొడవునా ఉండాల్సిన చేపలు ఆ మూలకు చేరి ఉండొచ్చు. అప్పుడు అక్కడ గాలం వేయడం, దిగి బెదరగొట్టడం వాటిని చంపడంతో సమానం. నీళ్లు 20 డిగ్రీలకు చేరితే గాలం పక్కన పెట్టండి.

శరదృతువు. పగలు కుదించుకుపోయి, నీళ్లు చల్లబడి, ఒక మంచి వాన పడితే చాలు, బ్రౌన్, బ్రూక్ ట్రౌట్‌లు ఎగువకు కదులుతాయి. వేసవంతా ఒక్క పెద్ద చేప కూడా కనపడని చిన్న పిల్లవాగులో ఉన్నట్టుండి పెద్దవి కనిపిస్తాయి. బ్రూక్ ట్రౌట్ అయితే అడుగు నుంచి ఊట ఉబికే చోట్లు వెతుక్కుని మరీ గుంటలు తవ్వుతుంది. గుంటలు లెక్కపెట్టడానికి ఇదే సమయం.

చలికాలం. ఎక్కువమంది "చేపల్లేవు" అని తేల్చేసేది ఇప్పుడే. నీళ్లు 4, 5 డిగ్రీలకు పడితే చిన్న చేపలు పగలంతా రాళ్ల సందుల్లోకి దూరిపోతాయి, చీకటి పడ్డాకే బయటికొస్తాయి. పెద్దవి లోతైన, వడి తక్కువైన మడుగుల్లో, చెట్ల మోడుల కింద ఉంటాయి. వాగు అడుగున ఐసు పేరుకుంటే అక్కడి నుంచీ కదలక తప్పదు, ఆ కదలికకే వాటి దగ్గరున్న కాస్త శక్తీ ఖర్చయిపోతుంది. లెక్క కావాలంటే రాత్రి, టార్చి లైటుతో, ఒడ్డు మీద నుంచి.

ఎంత దూరం పోతాయి? కొన్ని ఏడాదంతా కొన్ని వందల మీటర్ల లోపే గడిపేస్తాయి, కొన్ని కిలోమీటర్లు, పదుల కిలోమీటర్లు తిరుగుతాయి. ఒకే వాగులో రెండు రకాలూ ఉంటాయి. ఒక్క చేపను చూసి మొత్తానికి సూత్రం కట్టకండి.

## 10. లెక్కపెట్టడం, ఇరుకును కనిపెట్టడం

విద్యుత్తుతో చేపల్ని తేల్చి లెక్కించడం, గుర్తు వేసి వదలడం అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లు చేసే పనులు. గుర్తు పద్ధతి లెక్క మాత్రం తెలుసుకోండి: 50 చేపలకు గుర్తు వేసి వదిలారు, తర్వాత 40 పట్టుకుంటే అందులో 10కి గుర్తుంది, అంటే మొత్తం సుమారు 50 × 40 ÷ 10 = 200. ఈ మధ్యలో చేపలు వాగు విడిచిపోతే ఈ లెక్క చెల్లదు. అందుకే రెండుసార్లూ ఒకే కాలంలో, దగ్గర దగ్గర రోజుల్లో చేస్తారు.

మీరు చేయగలిగింది ఒడ్డు మీద నుంచి చూసి, సైజుల వారీగా మూడు గుంపులుగా రాయడం: ఈ ఏటి పిల్లలు, నడిమివి, పెద్దవి. దీంతోనే చాలా తెలుస్తుంది.

- పిల్లలు లేవు, పెద్దవి ఉన్నాయి: గుడ్ల దగ్గర తేడా. ఒండ్రు, ఆ కాలపు వరద, మూసుకుపోయిన దారి చూడండి.
- పిల్లలు బోలెడు, పెద్దవి లేవు: లోతు, దాక్కునే చోటు లేదు, లేదా వేసవి వేడి.
- నడిమి గుంపు ఒక్కటే మాయం: ఒకటి రెండేళ్ల కిందట ఒక సంతతి పోయింది. ఆ ఏటి వరద, కరువు వివరాలు తిరగేయండి.
- వేసవి మధ్యలో అన్నీ తగ్గి, శరదృతువులో తిరిగొచ్చాయి: కదలిక. ఎక్కడికి పోయి వచ్చాయో పటంలో వెతకండి.

రెండో రకం వాగులో కొందరు ఇంకా పిల్లల్ని తెచ్చి వదులుతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. కిలో బరువున్న ఒక్క ఆడచేపే 1500 నుంచి 2000 గుడ్లు పెడుతుంది, అలాంటి వాగులో పిల్లలకు కొదవ ఉండదు. పిల్ల ట్రౌట్ ప్రతిదీ తనకంటూ కొంత చోటు పట్టుకుని కాపాడుకుంటుంది, చోటు దొరకనివి చస్తాయి లేదా దిగువకు కొట్టుకుపోతాయి. ఆ డబ్బుతో ఒడ్డున చెట్లు నాటండి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకోవడం

లాగర్ ఎండలో ఉండిపోయింది. మధ్యాహ్నం అంకెలు నిజం కంటే ఎక్కువ చూపిస్తాయి. చేతి థర్మామీటర్‌తో అదే గంటలో పోల్చండి, తేడా ఉంటే నీడకు మార్చండి.

నీళ్లు తగ్గి లాగర్ గాల్లో తేలింది. రాత్రీ పగలూ తేడా ఒక్కసారిగా విపరీతంగా పెరిగిన రోజులు వెతికి, గాలి ఉష్ణోగ్రతతో పోల్చి, అవి తీసేయండి. ఊహించి పూరించకండి.

వాన పడిన మర్నాడే అన్నీ కొలిచారు. ఆ అంకెలు తప్పు కావు, కానీ ఇరుకు కాలానివి కావు. కనీసం వారం పొడిగా గడిచాక మళ్లీ కొలవండి.

నీడ పెంచడానికి ఒడ్డంతా ఒకే వరసలో చెట్లు నాటారు. ముందు ఎండ ఎక్కువసేపు పడే ఒడ్డు చూసుకోండి. ఉత్తరార్ధగోళంలో తూర్పు పడమరలుగా పారే వాగుకు దక్షిణపు ఒడ్డు చెట్లే నీడనిస్తాయి. ఎగువ లాగర్, దిగువ లాగర్ మధ్య తేడా ఎక్కువ ఉన్న ముక్క నుంచి మొదలుపెట్టండి. పశువులు దిగే చోటైతే మొక్కల కంటే ముందు కంచె వేసి, వాటికి నీళ్లు వేరే చోట ఏర్పాటు చేయండి.

ఒక్క ఏడాది చూసి ఆపేశారు. కరువు ఏడాది, వరద ఏడాది రెండూ రాకుండా ఏ ఇరుకు గట్టిదో తెలీదు. లాగర్లను అక్కడే ఉంచండి, వేసవి చివరి నడక, శరదృతువులో గుంటల లెక్క, ఈ రెండు మాత్రం ఏటా అవే చోట్ల, అదే వరుసలో చేయండి.